నలభై ఓట్లు ఎక్కడికి పోయాయి?

ఒక లెక్కతో మొదలుపెడదాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఒక హైస్కూలు ఉందనుకోండి. అందులో వందమంది విద్యార్థులు. అరవైమంది అబ్బాయిలు, నలభైమంది అమ్మాయిలు. ఆ బడిలో చదివి పెద్దవాళ్ళయినవారు కొందరు పదివేల రూపాయలు పోగుచేసి పంపించారు. హెడ్మాస్టరుగారు పిల్లలందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి, "ఈ డబ్బు మీది. దేనికి ఖర్చు పెట్టాలో మీరే తేల్చండి" అన్నారు. పిల్లలు నాలుగు ప్రతిపాదనలు రాశారు.

1. క్రికెట్ సామాను – రూ. 3,000
2. క్యారమ్ బోర్డులు – రూ. 3,000
3. వార్షికోత్సవానికి మైకు సెట్టు – రూ. 4,000
4. అమ్మాయిల మరుగుదొడ్డికి తలుపు, కుళాయి – రూ. 4,000

అన్నీ కలిపితే 14,000. చేతిలో ఉన్నది 10,000. అందుకని ఓట్లు పెట్టారు. ఎవరికి ఎన్ని కావాలంటే అన్నిటికి టిక్కు పెట్టవచ్చు. అరవైమంది అబ్బాయిలూ మొదటి మూడింటికి టిక్కు పెట్టారు. నలభైమంది అమ్మాయిలూ నాలుగోదానికి మాత్రమే పెట్టారు. వాళ్ళకు క్యారమ్స్ ఆడాలని లేక కాదు. మిగతావాటికి ఓటేస్తే తలుపు ఎక్కడ వెనకబడిపోతుందోనని భయం.

ఓట్లు లెక్కపెట్టారు. క్రికెట్ 60, క్యారమ్ 60, మైకు 60, తలుపు 40. ఎక్కువ ఓట్లు వచ్చినవాటిని వరుసగా తీసుకుంటూ పోయారు. 3,000 + 3,000 + 4,000 = 10,000. డబ్బు అక్కడికి సరిపోయింది. తలుపుకు ఒక్క పైసా మిగల్లేదు.

ఎవరూ మోసం చేయలేదు. కూడికలో తప్పు లేదు. అయినా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, వందమందిలో నలభైమందిమి ఉన్నాం కదండీ. ఈ పదివేలలో మా వాటా ఎంతండీ?" అని అడిగింది.

లెక్కల మాస్టారు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల వైపు తిరిగారు. కానీ వెంటనే ఏమీ రాయలేకపోయారు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ప్రపంచంలో వేల నగరాలు ఇప్పుడు ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. వాటికి సాయంగా కంప్యూటర్లు వచ్చాయి. ఈమధ్య కృత్రిమ మేధ కూడా వచ్చింది. ఇవి ఏం చేస్తాయో, ఏం చేయలేవో తెలుసుకుని, మళ్ళీ ఈ బడికి వద్దాం.

సంతోషపు రేవులో మొదలైన కథ

ఇంటి ఖర్చుకు అమ్మ నెల మొదట్లో ఒక లెక్క వేసుకుంటుంది. బియ్యానికి ఇంత, పాలకు ఇంత, ఫీజుకు ఇంత అని. ఊరికీ, నగరానికీ కూడా అలాంటి లెక్కే ఉంటుంది. దాన్నే బడ్జెట్టు అంటాం. సాధారణంగా దీన్ని అధికారులూ, ఎన్నికైన ప్రతినిధులూ తయారుచేస్తారు. మరి ఆ వీధుల్లో నడిచేదీ, ఆ కుళాయిల దగ్గర నిలబడేదీ ప్రజలు కదా! బడ్జెట్టులో కొంత భాగాన్ని ఎలా ఖర్చు పెట్టాలో వాళ్ళనే నిర్ణయించమంటే?

బ్రెజిల్ దేశం దక్షిణ భాగంలో పోర్తో అలెగ్రే అనే పెద్ద నగరం ఉంది. పోర్చుగీసు భాషలో ఆ పేరుకు 'సంతోషపు రేవు' అని అర్థం. కానీ 1980ల చివర ఆ నగరం అంచుల్లో ఉన్న పేదవాడల్లో పెద్ద సంతోషమేమీ లేదు. చాలా ఇళ్ళకు మురుగు కాలువ లేదు, కుళాయి లేదు. 1989లో కొత్తగా వచ్చిన నగరపాలక వర్గం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. నగరాన్ని ప్రాంతాలుగా విభజించి, ప్రతి ప్రాంతంలోనూ జనాన్ని సమావేశపరిచింది. 'మీకు ముందు ఏం కావాలి?' అని అడిగింది. దీనికే 'భాగస్వామ్య బడ్జెట్టు' అని పేరు వచ్చింది.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. పోర్తో అలెగ్రే వాళ్ళు ఊరికే చేతులెత్తమని లెక్కపెట్టి ఊరుకోలేదు. డబ్బు పంచడానికి ఒక సూత్రం పెట్టుకున్నారు. ఒక ప్రాంతంలో జనాభా ఎంత, అక్కడ ఆ సదుపాయం ఎంత కొరవడింది, అక్కడివాళ్ళు దేన్ని ముందు కోరుకున్నారు అని చూసి మార్కులు వేశారు. అసలు రోడ్డే లేని వాడకు, రోడ్డుకు గుంతలు పడిన వాడకన్నా ఎక్కువ మార్కులు. ఆ మార్కులను బట్టి డబ్బు వెళ్ళింది.

ఫలితం కనిపించింది. 1988లో నగరంలోని ఇళ్ళలో నూటికి 75 ఇళ్ళకు నీటి, మురుగు సౌకర్యాలుంటే, 1997 నాటికి అది 98కి చేరిందని ప్రపంచ బ్యాంకు నివేదికలు చెప్పాయి. తర్వాతి కాలంలో పోర్తో అలెగ్రేలోనే ఈ పద్ధతి బలహీనపడింది. కానీ అప్పటికే ఆ విత్తనం చాలా దూరం వెళ్ళి మొలిచింది. మన దేశంలో కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం ద్వారా పంచాయతీలకు నిధులిచ్చి గ్రామసభల్లో ప్రణాళికలు వేయించింది. పుణె నగరం 2006లో పౌరుల నుంచి బడ్జెట్టు సూచనలు తీసుకోవడం మొదలుపెట్టింది. పారిస్ 2014లో మొదలుపెట్టింది.

సమావేశం నుంచి తెర మీదికి

సమావేశాలకు ఒక చిక్కుంది. అవి సాయంత్రం జరుగుతాయి. రాత్రి డ్యూటీ ఉన్నవాడు రాలేడు. చంటిబిడ్డ తల్లి రాలేదు. నడవలేని తాతగారు రాలేరు. వచ్చినవాళ్ళలోనూ గొంతు పెద్దదైనవాడి మాటే వినబడుతుంది.

బ్రెజిల్‌లోనే బెలో ఒరిజాంచి అనే మరో నగరం దీనికి ఒక మార్గం వెతికింది. 2006లో నగరంలోని తొమ్మిది ప్రాంతాలకు, ఒక్కోదానికి నాలుగు పనుల జాబితా ఇచ్చి, ఇంటర్నెట్టు ద్వారా ఓటెయ్యమంది. ఇంట్లో కంప్యూటరు లేనివారి కోసం నగరంలో ఓటు కేంద్రాలు కూడా పెట్టింది. సుమారు 1,70,000 మంది ఓటేశారు. సభకు రాలేని ఎంతోమంది అలా మొదటిసారి మాట చెప్పగలిగారు.

అప్పటినుంచి ఇందుకోసం ప్రత్యేకమైన కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. స్పెయిన్‌లో మాడ్రిడ్ నగరం 2015లో 'కాన్సుల్' అనే ప్రోగ్రాముతోనూ, బార్సిలోనా నగరం 2016లో 'డెసిదిమ్' అనేదానితోనూ పని ప్రారంభించాయి. డెసిదిమ్ అంటే కాటలాన్ భాషలో 'మనం నిర్ణయిద్దాం' అని. ఈ రెండింటిలోనూ మెచ్చుకోదగిన గుణం ఒకటుంది. ప్రోగ్రాము లోపల ఏం రాశారో ఎవరైనా తెరిచి చూడవచ్చు. లెక్క సరిగా వేస్తోందో లేదో పరీక్షించవచ్చు. ఉచితంగా తీసుకుని తమ ఊళ్ళో వాడుకోవచ్చు కూడా.

బాగానే ఉంది. ఓటు వెయ్యడం సులువైంది. ఓట్లు లెక్కపెట్టడం క్షణాల్లో పని. మరి మన బడిలో అమ్మాయిల సంగతి? కంప్యూటరు తెచ్చి పెట్టినా క్రికెట్ 60, క్యారమ్ 60, మైకు 60, తలుపు 40 అనే కదా చెబుతుంది! తప్పు లెక్కింపులో లేదు, లెక్కింపు పద్ధతిలో ఉంది. పద్ధతి మార్చకుండా యంత్రం తెస్తే, అదే ఫలితం ఇంకా తొందరగా వస్తుంది.

మాస్టారు కనుక్కున్న దారి

బళ్ళో లెక్కల మాస్టారు కాసేపు ఆలోచించి నల్లబల్ల మీద ఇలా రాశారనుకుందాం:

10,000 ÷ 100 = 100

అంటే తలా వంద రూపాయలు. ప్రతి విద్యార్థి చేతిలో వంద రూపాయలు పెట్టామనుకోండి. నిజంగా కాదు, కాగితం మీదే. ఇప్పుడు రెండు నియమాలు. ఒకటి: ఒక వస్తువును కోరుకున్నవాళ్ళే దాని ఖరీదును తమలో తాము సమానంగా భరించాలి. రెండు: తలకు తక్కువ పడేదాన్ని ముందు కొనాలి.

క్రికెట్ సామాను 3,000. కోరినవాళ్ళు 60 మంది. తలకు 50 రూపాయలు.
క్యారమ్ బోర్డులు 3,000. కోరినవాళ్ళు 60 మంది. తలకు 50.
మైకు 4,000. కోరినవాళ్ళు 60 మంది. తలకు 66 రూపాయల 67 పైసలు.
తలుపు 4,000. కోరినవాళ్ళు 40 మంది. తలకు 100.

ముందు క్రికెట్ సామాను కొన్నారు. అబ్బాయిల దగ్గర యాభై మిగిలింది. తర్వాత క్యారమ్ బోర్డులు కొన్నారు. అబ్బాయిల జేబులు ఖాళీ. మైకు కొనడానికి వాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఇక తలుపు. అమ్మాయిల దగ్గర ఇంకా తలా వంద అలాగే ఉంది. నలభై వందలు నాలుగువేలు. తలుపూ, కుళాయీ వచ్చేశాయి!

మొత్తం ఖర్చు: 3,000 + 3,000 + 4,000 = 10,000. బడిలో అరవై శాతం ఉన్నవాళ్ళ కోరికలకు ఆరువేలు. నలభై శాతం ఉన్నవాళ్ళ కోరికకు నాలుగువేలు.

ఒక అబ్బాయి ఊరుకోలేదు. "మాస్టారూ, మైకుకు అరవై ఓట్లొచ్చాయి. తలుపుకు నలభయ్యే వచ్చాయి. ఎక్కువ వచ్చినదాన్ని వదిలి తక్కువ వచ్చినదాన్ని కొనడం న్యాయమేనాండీ?"

మంచి ప్రశ్నే. మీరేమంటారు? క్లాసు లీడరును ఎన్నుకునేటప్పుడు కుర్చీ ఒక్కటే. దాన్ని ముక్కలు చెయ్యలేం. కాబట్టి ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఇస్తాం. డబ్బు అలా కాదు. దాన్ని పంచవచ్చు. పంచగలిగినదాన్ని మొత్తంగా ఒక్క వైపుకే ఇవ్వాలన్న రూలు ఎక్కడిది? అబ్బాయిల ఓటుకు విలువ తగ్గలేదు. వాళ్ళ ఓటు రెండు వస్తువులను తెచ్చింది. మూడోదానికి వాళ్ళు వాడబోయింది అమ్మాయిల వాటా.

ఉప్పుగని ఊరు, ఆరే నది ఊరు

ఈ పద్ధతి నేను కల్పించింది కాదు. దీన్ని 'సమాన వాటాల పద్ధతి' అనవచ్చు. డొమినిక్ పీటర్స్, ప్యోతర్ స్కోవ్రోన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్తలు 2020లో దీన్ని ప్రతిపాదించారు. మొదట్లో దీనికి సరైన పేరు కూడా లేదు, 'రూల్ ఎక్స్' అనేవారు. తర్వాత వాళ్ళూ, వాళ్ళ సహచరులూ దీన్ని నగరాల బడ్జెట్లకు సరిపడేలా మలిచారు.

కాగితం మీద ఉన్న సూత్రం నిజం ఊళ్ళో పనిచేయాలి కదా. 2023లో పోలండ్‌లోని వియెలిచ్కా పట్టణం ముందుకు వచ్చింది. వందల ఏళ్ళ నాటి ఉప్పు గనికి పేరుపొందిన పట్టణం అది. పచ్చదనాన్ని పెంచే పనుల కోసం పది లక్షల జ్లోటీలు (పోలండ్ రూపాయిని జ్లోటీ అంటారు) కేటాయించి, ఈ పద్ధతిలో ఓట్లు లెక్కించింది.

అదే ఏడాది స్విట్జర్లాండులోని ఆరౌ పట్టణం కూడా ఈ పద్ధతి పట్టుకుంది. ఆరే నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడ 50,000 స్విస్ ఫ్రాంకులు పంచాలి. ఓటరు తన దగ్గరున్న పది పాయింట్లను నచ్చిన ప్రతిపాదనల మధ్య పంచిపెట్టాలి. ఓటుకు నిలబడినవి 33 ప్రతిపాదనలు. సమాన వాటాల పద్ధతిలో వాటిలో 17 గెలిచాయి. అవే ఓట్లను పాత పద్ధతిలో లెక్కపెడితే గెలిచేవి 7 మాత్రమే.

ఓటర్లు అవే, ఓట్లు అవే, డబ్బు అంతే. లెక్కపెట్టే తీరు మారితే ఏడు పదిహేడు అయింది! పాత పద్ధతిలో ఖరీదైన నాలుగైదు పనులు డబ్బంతా మింగేస్తాయి. కొత్త పద్ధతిలో ఒక్కో చిన్న గుంపు తమ వాటాతో తమకు కావలసిన చిన్న పని చేయించుకోగలుగుతుంది.

ఇంతకీ కంప్యూటరు ఎందుకు?

మన బడి లెక్క నాలుగు భాగహారాలతో తేలింది. నిజం పట్టణంలో అంత సుఖంగా ఉండదు. పదుల కొద్దీ ప్రతిపాదనలు, వేల కొద్దీ ఓటర్లు. ఒక పని గెలిచిన ప్రతిసారీ ఎవరి దగ్గర ఎంత మిగిలిందో మళ్ళీ చూడాలి. అన్ని ప్రతిపాదనలకూ తలకు ఎంత పడుతుందో మళ్ళీ లెక్కించాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. క్రికెట్ సామాను 2,700కే దొరికిందనీ, తలుపుకు 4,200 అయిందనీ అనుకోండి. తలుపుకు తలా 105 రూపాయలు కావాలి. అమ్మాయిల దగ్గర వందే ఉంది. కొనలేరు. అబ్బాయిలు క్రికెట్‌కు 45, క్యారమ్‌కు 50 పెట్టేస్తే తలా ఐదు మిగులుతుంది. మొత్తం మీద 5,700 ఖర్చయి 4,300 ఊరికే ఉండిపోయింది. ఇప్పుడేం చేయాలి?

అందరి చేతిలోనూ మరో రూపాయి పెట్టినట్టు నటించి, లెక్క మొదటినుంచీ మళ్ళీ వేయాలి. 101తో ఒకసారి, 102తో ఒకసారి... 105 దగ్గర తలుపు వస్తుంది. మొత్తం ఖర్చు 2,700 + 3,000 + 4,200 = 9,900. ఇది అసలు డబ్బు 10,000కు లోపలే. కాబట్టి సరే. అలా ఖర్చు పదివేలు దాటేదాకా పెంచుతూ పోయి, దాటడానికి ముందున్న ఫలితాన్ని తీసుకోవాలి. ఇదంతా మనిషి కూర్చుని చేయాలంటే విసుగుతో తప్పులు చేస్తాడు. కంప్యూటరుకు విసుగు లేదు.

కానీ పోల్చి చూడండి. ఇందులో కంప్యూటరు చేసింది కూడికలు, తీసివేతలు, భాగహారాలు. 'తలా సమాన వాటా' అన్న ఆలోచన కంప్యూటరుది కాదు. అది మనుషులు వాదించుకుని, ఒప్పుకుని దానికి ఇచ్చిన నియమం.

మాటలను పోగుచేసే యంత్రం

ఇక కృత్రిమ మేధ దగ్గరకు వద్దాం. ఓట్లకు ముందు జరిగే పని మరొకటుంది. అది సూచనలు తీసుకోవడం. పెద్ద నగరంలో వేల సూచనలు వస్తాయి. మాడ్రిడ్‌లో ఇదే జరిగింది. ఒకే కోరికను వందమంది వంద రకాలుగా రాశారు. ఓట్లన్నీ చీలిపోయాయి. మంచి సూచనలు ఎవరి కంటా పడకుండా అడుగున ఉండిపోయాయి. అందుకే పరిశోధకులు అక్కడ కంప్యూటరుతో భాషను చదివించే ప్రయోగాలు చేశారు.

యంత్రం ఎలా చదువుతుంది? ఈ మూడు వాక్యాలు చూడండి.

"మా సందులో లైటు లేదు."
"రాత్రయితే చీకట్లో నడవలేకపోతున్నాం."
"కరెంటు స్తంభానికి బల్బు పెట్టించండి."

మూడింటిలో ఒక్క మాటైనా కలవలేదు. కానీ మీకు వెంటనే తెలిసిపోయింది, ముగ్గురూ అడిగేది ఒకటేనని. యంత్రానికి తెలియాలంటే ఏం చేయాలి? మీరు గ్రాఫు కాగితం మీద (3, 5) అనే రెండు అంకెలతో ఒక చుక్క పెడతారు కదా. యంత్రం ఒక్కో వాక్యాన్నీ రెండు అంకెలుగా కాక, కొన్ని వందల అంకెల వరుసగా మారుస్తుంది. ఏ మాటలు ఏ మాటల పక్కన వస్తుంటాయో కోట్ల వాక్యాలు చదివి అంతకుముందే నేర్చుకుని ఉంటుంది. 'చీకటి', 'లైటు', 'బల్బు' తరచు ఒకే చోట కనిపిస్తాయి కాబట్టి, ఆ మూడు వాక్యాల చుక్కలు దగ్గర దగ్గరగా పడతాయి. దగ్గరున్న చుక్కలను ఒక కుప్పగా చేస్తుంది. వేల సూచనలు ఇలా కొన్ని పదుల కుప్పలవుతాయి. అధికారులు చదవగలుగుతారు. ఒకేలాంటివి రాసినవాళ్ళు కలిసి ఒకే ప్రతిపాదన చేసుకోగలుగుతారు.

చక్కని సాయమే. కానీ ఈ రెండు వాక్యాలు చూడండి.

"మా వీధికి నీళ్ళు రావడం లేదు."
"మా వీధిలోకి నీళ్ళు వచ్చేస్తున్నాయి."

మాటలు ఇంచుమించు అవే. చుక్కలు పక్కపక్కనే పడవచ్చు. యంత్రం రెండింటినీ 'నీటి సమస్య' అనే కుప్పలో వేసేయవచ్చు. ఒకరికి కావలసింది మంచినీళ్ళ పైపు. రెండోవారికి కావలసింది వాననీళ్ళు బయటికి పోయే కాలువ. తేడా పట్టుకోవాలంటే ఆ వీధిలో నడిచిన మనిషి ఆ కుప్పను ఒకసారి విప్పి చూడాలి.

భాష తెచ్చే చిక్కు కూడా ఉంది. కోస్తా జిల్లాల్లో 'మురిక్కాలువ' అనేదాన్ని తెలంగాణలో 'మోరీ' అంటారు. యంత్రం ఎక్కువగా పత్రికల భాష చదివి నేర్చుకుంటే మన అమ్మమ్మ మాట దానికి అర్థం కాదు. ఇంగ్లీషులో చదవడానికి దానికి దొరికినంత తెలుగులో దొరకలేదు. గోండి, కోయ, సవర భాషల్లో దొరికింది మరీ తక్కువ. మాట తక్కువగా రాతలోకి ఎక్కినవాళ్ళు యంత్రానికి కూడా తక్కువగానే వినబడతారు.

ఇంకొకటి. రెండువందల మంది లైటు కావాలన్నారు. ఒక్కరు మాత్రం పంచాయతీ ఆఫీసు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుబాట కట్టమన్నారు. 'క్లుప్తంగా చెప్పు' అని యంత్రాన్ని అడిగితే, ఆ ఒక్క మాట క్లుప్తతలో జారిపోవచ్చు. క్లుప్తంగా చెప్పడమంటే దేన్నో ఒకదాన్ని వదిలేయడమే. ఏది వదిలిందో చూడవలసిన పని మనదే.

నా ఓటు యంత్రం వేస్తే?

కొందరికి ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. చాలామంది ఓటు వెయ్యరు కదా. వాళ్ళ వయసు, ఇష్టాలు చెబితే, కృత్రిమ మేధే వాళ్ళ బదులు ఓటేస్తే ఎలా ఉంటుంది?

జ్యూరిచ్‌కు చెందిన పరిశోధకులు దీన్ని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. నగరానికి సంబంధించిన పనుల జాబితా ఒకటి మనుషులకు ఇచ్చారు. అలాంటిదే భాషను నేర్చిన యంత్రాలకూ ఇచ్చి ఓటెయ్యమన్నారు. తేలిందేమిటో తెలుసా? జాబితాలో పనుల వరుస మారిస్తే యంత్రం ఓట్లు కూడా మారాయి! పైన ఉన్నది కింద పెట్టినంత మాత్రాన వీధికి దాని అవసరం మారదు కదా. మరొక సంగతి. మనుషుల ఓట్లలో ఉన్నంత వైవిధ్యం యంత్రం ఓట్లలో లేదు. యంత్రం 'ఎక్కువమంది అనేది' బాగా ఊహిస్తుంది. నలభైమందిలో ఒకతె అడగబోయే ప్రశ్నను ఊహించడం దానికి కష్టం.

తలుపు సంగతి ఆ అమ్మాయిలు చెప్పేవరకూ అబ్బాయిలకు తెలియదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు ఆ అవసరం ఎదురుపడలేదు, అంతే. మనుషులకే తెలియనిది, ఎవరూ ఎక్కడా రాయనిది, యంత్రానికి ఎక్కడినుంచి వస్తుంది?

మన గ్రామసభలో

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోకండి. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజున 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి, ఉపాధి హామీ పథకం కింద చేయవలసిన పనుల మీద తీర్మానాలు చేశారు. ఒక్క రోజులో అన్ని సభలు జరిగితే, ఎక్కడ ఎవరు ఏమన్నారో రాసేదెవరు, చదివేదెవరు?

ఇక్కడే యంత్రం సాయం పనికివస్తుంది. 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 'సభాసార్' అనే సాధనాన్ని ప్రవేశపెట్టింది. గ్రామసభలో రికార్డు చేసిన మాటలను దానికి ఇస్తే, కృత్రిమ మేధతో సభ వివరాలను ఒక క్రమంలో రాసిపెడుతుంది. భారతీయ భాషలను అర్థం చేసుకోవడానికి 'భాషిణి' అనే జాతీయ వేదిక దానికి తోడు. గంటల తరబడి రాసే శ్రమ తగ్గుతుంది.

కానీ మైకు ముందు మాట్లాడినవారి మాటే రికార్డవుతుంది. సభలో వెనక వరుసలో తలవంచుకు కూర్చున్న ఆమె మాట యంత్రంలో పడదు. సభకు రానివారి మాట అసలే పడదు. అందుకే మంచి సభ జరిగిందా అని తెలుసుకోవాలంటే రాసిన వివరాలు చదివితే చాలదు. ఎవరు మాట్లాడలేదో కూడా లెక్కపెట్టాలి. ఆ లెక్క వెయ్యమని మనం అడిగితే యంత్రం వేస్తుంది. అడగకపోతే వెయ్యదు.

మళ్ళీ మన బడికి

బడిలో క్రికెట్ సామాను వచ్చింది, క్యారమ్ బోర్డులు వచ్చాయి, తలుపూ కుళాయీ వచ్చాయి. అంతా సంతోషమే. కానీ హెడ్మాస్టరుగారు ఆ సాయంత్రం ఒక్కరే కూర్చుని మరో సంగతి ఆలోచించి ఉంటారు. మరుగుదొడ్డికి తలుపు ఉండడం బడిలో చదివే ప్రతి ఆడపిల్ల హక్కు. దాన్ని క్రికెట్ బ్యాటుతో పాటు పోటీలో నిలబెట్టవలసింది కాదు. నలభైమంది కాక నలుగురే అమ్మాయిలు ఉండి ఉంటే? వాళ్ళ వాటా నాలుగువందలే. ఎంత మంచి పద్ధతిలో లెక్కపెట్టినా తలుపు వచ్చేది కాదు.

కాబట్టి ఏవి ఓటుకు పెట్టాలి, ఏవి ఓటు లేకుండానే ఇవ్వాలి అన్నది మొదట తేల్చుకోవాలి. ఓటుకు పెట్టినవాటిని ఏ పద్ధతిలో లెక్కించాలో తర్వాత తేల్చుకోవాలి. ఈ రెండూ అయ్యాకే కంప్యూటరును పిలవాలి. వరుస తలకిందులు చేస్తే, యంత్రం ఎంత గొప్పదైనా నలభై ఓట్లు మళ్ళీ మాయమవుతాయి.

మీరూ చేసి చూడండి

మీ తరగతిలో ఊహాబడ్జెట్టు ఒకటి పెట్టుకోండి. రూ. 5,000 అనుకోండి. ఒక్కొక్కరూ ఒక చీటీ మీద తరగతికి కావలసినది రాయండి, పేరు రాయవద్దు. ఒకేలాంటి చీటీలను మీరే కుప్పలు పెట్టండి. ఏ చీటీ ఏ కుప్పలో వేయాలో తెలియక మీరెక్కడ తగాదా పడ్డారో రాసుకోండి. యంత్రం తడబడేది కూడా తరచు అలాంటి చోట్లే.

ప్రతి కుప్పకూ ఒక ధర నిర్ణయించి ఓట్లు వేయండి. మొదట ఎక్కువ ఓట్లు వచ్చినవాటిని వరుసగా కొనండి. తర్వాత అవే ఓట్లను సమాన వాటాల పద్ధతిలో లెక్కించండి. రెండు ఫలితాలనూ నల్లబల్ల మీద పక్కపక్కన రాయండి. మొదటి పద్ధతిలో, టిక్కు పెట్టిన ఒక్కటీ దక్కనివాళ్ళు ఎందరు? రెండో పద్ధతిలో ఎందరు?

ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగి, ఈ రోజు బడికి రానివాళ్ళ పేర్లు హాజరుపట్టీలో చూడండి. వాళ్ళు వచ్చి ఉంటే ఏం రాసేవాళ్ళో రేపు వాళ్ళనే అడగండి.